దర్జీ చెప్పిన సాక్ష్యం

"ఇంతేనా నాయనా?" అన్నారు పాస్టరుగారు, మైకు దర్జీ నోటి దగ్గరే పట్టుకుని.

దర్జీ మొహం చిన్నబోయింది. ఇంతే మరి! పొద్దున లేస్తాను, బట్టలు కుడతాను, రాత్రి పడుకుంటాను, యేసయ్యను నమ్ముకున్నాను. అతని సాక్ష్యం అక్కడితో అయిపోయింది. బాప్తిస్మం తొట్టిలోకి దిగేముందు తమ పాత బతుకు గురించి అందరి ముందూ చెప్పుకోవడం ఆ సంఘంలో అలవాటు. అతనికంటే ముందు లారీ డ్రైవరు, తాగొచ్చి సొంత ఇంటి తలుపులే గొడ్డలితో నరికానని చెప్పాడు. జనం కళ్లొత్తుకున్నారు. పళ్లకొట్టు ఆవిడ, అత్తగారి పాలల్లో విషం కలపబోయి చెయ్యి వణికి ఆగిపోయానంది. జనం వెక్కి వెక్కి ఏడ్చారు. ఆ అత్తగారు కూడా ఏడ్చింది. తీరా దర్జీ వంతు వచ్చేసరికి ముందు వరసలో ఒకాయన ఆవులించాడు.

"ప్రభువు నిన్ను దేన్నుంచి రక్షించాడో చెప్పాలి కదా," పాస్టరుగారు బుజ్జగింపుగా అన్నారు. "ఏ పాపమూ లేనివాడికి ఈ నీళ్లెందుకు? స్నానమైతే ఇంట్లోనే చేసుకోవచ్చు."

హాలంతా నవ్వింది. చేతికి తువ్వాలేసుకుని కూర్చున్న దర్జీ భార్య కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. అందరి తెల్ల అంగీలూ తనే కుట్టి, తనూ ఒకటి తొడుక్కుని నిలబడ్డ మనిషికి తల కొట్టేసినట్టయింది.

"ఉందండీ... పాపం ఉంది. దొంగతనం చేశాను," అన్నాడు.

జనం సర్దుకుని కూర్చున్నారు. ఆవులించినాయన నోరు మూశాడు.

"దొంగతనమా! ఏం తీశావు?"

ఏం తీశాడని చెబుతాడు, పాపం! జన్మలో ఒకరి గుండుసూది ముట్టుకుని ఎరగడు. ఎవరి బట్టలో గుడ్డ మిగిలినా పొట్లం కట్టి మరీ తిరిగిచ్చేస్తాడు. ఎదురుగా చూస్తే పాస్టరుగారి మొహమూ, ఆయన చేతిలో మైకూ తప్ప ఇంకేమీ కనబడలేదు.

"మైకు సెట్టు," అనేశాడు.

ఇంకేముంది, హాలంతా గగ్గోలెత్తింది.

"మన సెట్టేనా?"

"మనది కాక ఎవరిది? మనదే కదా పోయింది!"

"అయ్యయ్యో! వాచ్‌మన్ తాత కాదన్నమాట! ఆయన్ని ఎన్నేసి మాటలన్నాం!"

అప్పుడు గుర్తొచ్చింది ఈ వెర్రిబాగులవాడికి. మందిరం పాత మైకు సెట్టు పోయిన నింద పడి, కాపలా పని ఊడిన ముసలాయన అదుగో, ఇవాళా వచ్చి, గుమ్మం అవతల మెట్ల మీద ముడుచుకుని కూర్చునే ఉన్నాడు. లోపలికి రావడానికి మొహం చెల్లక, పాటలు అక్కడి నుంచే పాడతాడు.

"అది కాదండీ, నేను..." అన్నాడు దర్జీ. పాస్టరుగారు అప్పటికే మైకు వెనక్కి తీసుకున్నారు, ఆ గోలలో ఎవరికి వినబడుతుంది? భార్య నవ్వు ఎప్పుడో పోయింది. అతనికేసి ముక్కూ మొహం తెలియని మనిషిని చూసినట్టు చూస్తోంది. "ఛీ" అని ఆమె పెదవులు కదలడం మాత్రం అతనికి బాగా కనబడింది.

చెప్పేయాలి, అబద్ధమని ఇప్పుడే చెప్పేయాలి అనుకున్నాడు. చెబితే ఆ ముసలాయన మళ్లీ దొంగైపోతాడు. చెప్పకపోతే, ఇంటికెళ్లి భార్య మొహం చూడాలి. పైగా, దేవుడి సాక్షిగా అబద్ధమాడి నీళ్లలో దిగిన మనిషవుతాడు. నలుగురు నవ్వారని ఎంత పని చేశాడు! సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"ఆ పెద్దాయన్ని లోపలికి తీసుకురండి," అన్నారు పాస్టరుగారు. "తొందరపడి పంపేసింది నేను. నేనూ ఆయన్ని క్షమాపణ అడగాలి. కానీ ముందు నువ్వు, నాయనా! ఆయన కాళ్లు పట్టుకో. ఆయన క్షమించాకే నీకు బాప్తిస్మం."

తాత రానని మొరాయించాడు. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చారు. ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టినవాళ్లే లేచి దారిచ్చారు. ఒకావిడ తన కుర్చీ తెచ్చి వేసింది. తాత కూర్చోలేదు. తల ఎత్తలేదు. గడ్డం వణుకుతోంది.

ఆ వణుకు చూశాక దర్జీ నిజం చెప్పే ఆలోచన మానుకున్నాడు. పోనీలే, దొంగనే అనుకోనీ. ఈయన రేపటి నుంచి లోపల కుర్చీలో కూర్చుంటాడు, అంతే చాలు. మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"నన్ను క్షమించు తాతా," అన్నాడు. ఆ మాటలో మాత్రం అబద్ధం లేదు.

"వద్దు! నా కాళ్లు ముట్టుకోకు!" తాత నిప్పు తొక్కినట్టు వెనక్కి గెంతాడు.

హాలు బిగుసుకుపోయింది. ఆయన కోపం న్యాయమే కదా అనుకున్నారందరూ. మరుక్షణం తాత తనే కింద కూలబడి, దర్జీని రెండు చేతులా వాటేసుకుని భోరుమన్నాడు.

"క్షమించాడు! స్తోత్రం! హల్లెలూయ!" జనం చప్పట్లతో, ఏడుపులతో హాలు దద్దరిల్లిపోయింది.

ఆ హోరులో తాత, దర్జీ చెవికి తడిసిన గడ్డం ఆనించి గొణిగాడు.

"సెట్టు తీసింది నేనే కదా బాబూ... నా పాపం నీ నెత్తినెందుకు వేసుకున్నావు?"