రెండో గ్లౌజు

“మళ్ళీ ఎడమదే అల్లినారు సార్!”

రూతమ్మ రెండు గ్లౌజులనూ ఒళ్ళో పక్కపక్కన పరిచి చూపించింది. సగం గ్లౌజులవి. వేళ్ళు బయటికే ఉంటాయి, బొటనవేలికి మాత్రం పక్కన ఒక కంత. చేతి వెనకవైపు పసుపు ఊలుతో ఒక పువ్వు. ఆ పువ్వే లేకపోతే ఏ గ్లౌజయినా తిప్పి ఏ చేతికైనా తొడుక్కోవచ్చు. పువ్వు ఉన్నాక, కంత ఏ పక్కన వదిలామన్నదాన్ని బట్టే ఎడమా కుడీ. ఇప్పుడు రెండింటికీ ఒకే పక్కన ఉంది.

“పోనీలేమ్మా. కుడిచేతికి అంత చలెయ్యదు,” అన్నాడు దామోదరం.

“మాటలకేం తక్కువ లేదు.”

ఆమె ఊలు కొస దొరకబుచ్చుకుని లాగింది. అల్లిందంతా వంకర్లు తిరుగుతూ ఊడి రాసాగింది.

“కంత దాకా విప్పితే చాలదా?”

“చాలదు. మణికట్టు కాడ్నించి మళ్ళీ అల్లాల. అట్లయితేనే చెయ్యి తిరుగుతాది.”

ఎప్పుడూ అంతే. ఒక్క తప్పుకు మొత్తం విప్పించేది.

తిరుపతిలో దామోదరం ఇంటి వెనక వాటాలో రూతమ్మ అద్దెకుంటోంది. బడిలో కుట్టుపని నేర్పి రిటైరయింది. భర్త లేడు, పిల్లలు లేరు. దామోదరం కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయినవాడు. ధనుర్మాసం తెల్లవారుజాముల్లో వరండాలో కూర్చుని దేవుడి పటాలకు కనకాంబరాలు కట్టడం భార్య జ్ఞానాంబ అలవాటు. ఆమె పోయాక ఆ పని ఆయన అందుకున్నాడు. చలికి చేతులు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటుంటే రూతమ్మ చూసింది.

“పూలు కట్టాలంటే వేళ్ళు బయటుండాల సార్. సగం గ్లౌజులు నేర్పిస్తా, మీరే అల్లుకోండి. ముందు మఫ్లరుతో చెయ్యి సాగనీండి,” అంది.

మఫ్లరు తొందరగానే వచ్చేసింది. దానికి జతగా టోపీ ఇంకా తొందరగా వచ్చింది. ఆ తర్వాత ఆమెకు పండగ పనులు తగిలి కొన్నాళ్ళు రాలేదు. ఆ కొన్నాళ్ళూ ఇంట్లో కుక్కరు విజిల్ తప్ప ఇంకో గొంతు లేదు. ఆయనే వెళ్ళి తలుపు తట్టి, “గ్లౌజుల సంగతి మర్చిపోయినావా టీచరమ్మా?” అని అడిగాడు.

మొదటిసారి రెండూ ఎడమచేతివి కావడం నిజంగా పొరపాటే. ఆ మర్నాడు సాయంత్రం కాఫీ వేళకు ఆమె వచ్చింది, తిట్టింది, కాఫీ తాగింది, వీధిలో కబుర్లన్నీ చెప్పి వెళ్ళింది. ఆ తర్వాతివి మాత్రం పొరపాట్లు కావు. కంత ఏ పక్కన రావాలో దామోదరానికి కళ్ళు మూసుకున్నా తెలుసు. తెలిసే తప్పు పక్కన వదిలేవాడు.

ఊలు ఉండ చుడుతుండగా రూతమ్మ ఫోను మోగింది. చేతులు ఖాళీ లేక స్పీకరు నొక్కింది. గూడూరు నుంచి చెల్లెలు సంతోషమ్మ.

“ఏమక్కా, ఆ ఇల్లు ఖాళీ చేసి ఎప్పుడొస్తావు? నీకోసరం గదికి సున్నం కూడా కొట్టించి పెట్టినా. ఇంట్లో అందరూ దినామూ అడగతా ఉండారు.”

“వస్తాలే మే. సారుది ఒక చెయ్యి మిగిలుండాది. నేర్పేది సగంలో ఇడిచిపెట్టి యాడొచ్చేది?”

“ఆ సారుకు ఈ జన్మలో రాదు గానీ, నువ్వొచ్చెయ్.”

“మే! స్పీకర్లో ఉండాది!”

దామోదరం పెద్దగా నవ్వాడు. కాఫీ గ్లాసు మాత్రం పక్కన పెట్టేశాడు. అక్కడ తోబుట్టువు, ఇల్లు నిండా మనుషులు, సున్నం కొట్టించిన గది. ఇక్కడ తన కాఫీకి తోడు కోసం ఆమెను ఒక బొటనవేలి దగ్గర కట్టిపడేశాడు.

మర్నాడు మధ్యాహ్నం అన్నం తిని కిటికీ దగ్గర కూర్చున్నాడు. మణికట్టు నుంచి వరసలు చకచకా లేచాయి. కంత దగ్గరికొచ్చేసరికి కొక్కెం సూది ఆగిపోయింది. గోడ మీద జ్ఞానాంబ ఫొటోకు పొద్దున తను కట్టిన దండ వదులుగా వేలాడుతోంది. లేచి వెళ్ళి దాన్ని సరిచేసి వచ్చి కూర్చున్నాడు. తర్వాత తల వంచి అల్లుకుంటూ పోయాడు.

సాయంత్రం రూతమ్మ వస్తే ముఖం చూడకుండా, మొదటి గ్లౌజుతో కలిపి పేపర్లో చుట్టి చేతికిచ్చాడు.

“ఇప్పుడే సూడాల్నా?”

“ఇంటికి పోయి చూడు. కొసలు కూడా నువ్వే లోపలికి కుట్టెయ్.”

“సరే సార్. ప్రార్థనకు టైమయింది, కాఫీ రేపు తాగుతా,” అని సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ మర్నాడు కాఫీ ఒకరికి కలపాలా, ఇద్దరికా అని ఆయన పొయ్యి దగ్గర తటపటాయిస్తుండగా వరండాలో చెప్పుల చప్పుడైంది. రూతమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఏమ్మా, ఒంట్లో బాలేదా?”

“నిద్ర లేదు అంతే.” ఆమె కూర్చుని రెండు గ్లౌజులూ ఒళ్ళో పరిచింది. “ఏం సార్ ఇది? మళ్ళీ ఎడమదే!”

దామోదరం వంగి చూశాడు. నిజమే. రెండు కంతలూ ఒకే పక్కన ఉన్నాయి.

“గూడూరు...” అన్నాడు మెల్లగా.

“దానికి చెప్పేసినా. సారుకింకా చెయ్యి తిరగలేదు, ఇప్పట్లో రాలేనని.” ఆమె తలెత్తకుండా ఊలు కొస వెతుకుతోంది. “సూస్తా నిలబడితే ఎట్లా? ఉండ పట్టుకోండి.”

ఆయన కుర్చీ లాక్కున్నాడు. ఎదురుగా కూర్చుని, ఊడి వస్తున్న ఊలును ఉండకు చుట్టసాగాడు.

ముందురోజు ఆయన అల్లి ఇచ్చింది కుడిచేతిది.