చెప్పుల పక్కన బ్యాండు

మానసిక నిపుణురాలు సువర్చల గదిలోకి వచ్చేవాళ్లు చెప్పులతోపాటు చేతి బ్యాండునూ గుమ్మం బయటే విడవాలి. మనసులో ఏముందో ఎప్పటికప్పుడు చూపించే ఆ బ్యాండు లేకుండా హనుమకొండలో ఇప్పుడెవరూ అడుగు బయట పెట్టరు.

బస్సు డ్రైవర్ సమ్మయ్య బ్యాండు పది రోజులుగా "కోపం" అనే చూపిస్తోంది. డిపోలో అతనికి బండి ఇవ్వడం మానేశారు.

"నాకు కోపమెందుకొస్తుందో చెప్పున్రి మేడం," అన్నాడు పిడికిళ్లు బిగించి.

"అది కోపమేనని ఎవరన్నారు?"

"బ్యాండు!" విసురుగా లేచాడు. "అది లేకుంటే నాకేం తెలుస్తలేదు. పోయి తెచ్చుకుంట."

ఇప్పుడు గుమ్మం దాటితే ఇక తిరిగి రాడని సువర్చలకు తెలుసు. అయినా కుర్చీలోంచి కదల్లేదు.

"ఒక్క నిమిషం సమ్మయ్యగారూ. ఒంట్లో ఎక్కడ పట్టేసినట్టుంది?"

గుమ్మం దాకా వెళ్లినవాడు ఆగాడు. చేయి మెల్లగా గొంతు మీదికి వెళ్లింది.

"ఈడ. పోయిన నెల నన్ను గన్న అవ్వ సచ్చిపోయిన నాడు గూడ గిట్లనే ఉండె."

"ఆ రోజు బ్యాండు ఏమంది?"

"ఆకలన్నది మేడం." పిడికిళ్లు వీడిపోయాయి. "అవ్వను ఇంకా వాకిట్ల పండవెట్టి ఉండంగనే, సందు చివర కూసొని రెండు ప్లేట్ల ఇడ్లీ తిన్న."