కిటికీ కింద కారు

హీట్‌గన్ వేడికి ప్లాస్టిక్ గొట్టం మెత్తబడగానే జయప్రకాశ్ దాన్ని నెమ్మదిగా వంచాడు. అవతలి కొసని నాగలత గుడ్డతో పట్టుకుని నిలబడింది.

"ఇంకో వంపు కావాలె వదినా. బంపర్ దాకా దిగాలె," అన్నాడతను.

కారు ఆమె భర్త మురళీకృష్ణ పడుకున్న గది కిటికీ కిందే ఉంది. షెడ్డులో నీడగా ఉంటుందని మరిది అన్నా, నాగలత పట్టుబట్టి అక్కడే పెట్టించింది.

ఈ పని మొదలైంది కూడా ఆమె వల్లే. ఓ మధ్యాహ్నం జయప్రకాశ్ ఫోన్లో ఏవో కార్ల వీడియోలు చూస్తుంటే అదేమిటని అడిగింది. బానెట్ కింద ఉడికిపోయిన గాలి కాకుండా బయటి చల్లగాలి పీల్చుకుంటే ఇంజిన్‌కి బలం పెరుగుతుందని, కంపెనీవాళ్ళు పెట్టిన డబ్బా పీకేసి, ఓ గొట్టం, దాని కొసకి గాలిని వడగట్టే కోను ఫిల్టరు బిగిస్తే చాలని, ఇంట్లోనే చేసుకోవచ్చని అతను ఉత్సాహంగా చెప్పాడు. బలం సంగతి ఆమెకి పట్టలేదు.

"చప్పుడు పెరుగుతదా?" అని అడిగింది.

"మస్తు పెరుగుతది. పులి గుర్రుమన్నట్టు ఉంటది."

"అయితే చెయ్యి."

మురళీకృష్ణకి ఆ కారంటే పిచ్చి. ములకలపల్లి చుట్టుపక్కల పామాయిల్ తోటలున్న వాళ్ళలో అలాంటి టర్బో బండి కొన్నది అతనొక్కడే. దాని వేగం గురించి చెప్పడం మొదలుపెడితే అన్నం చల్లారిపోయేది. రెండేళ్ళ కిందట వానాకాలంలో కూతురు చిన్మయినీ తమ్ముణ్ణీ ఎక్కించుకుని భద్రాచలం వెళ్ళాడు. వచ్చేటప్పుడు అడవి రోడ్డు మలుపులో బండి మద్దిచెట్టుకి గుద్దుకుంది. జనం చేరేసరికి అన్ననీ పాపనీ బయటికి లాగి రోడ్డు వారన పడుకోబెట్టి జయప్రకాశ్ నెత్తి కొట్టుకుని ఏడుస్తున్నాడు. ఎంత చెప్పినా అన్న వినలేదని, స్పీడు తగ్గించలేదని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. పాపకి అప్పటికే ఊపిరి లేదు.

మురళీకృష్ణ మెడ ఎముక విరిగింది. కాళ్ళూ చేతులూ పడిపోయాయి. ఊపిరాడడానికి గొంతుకి చిల్లు పెట్టి గొట్టం వేశారు. తలకి తగిలిన దెబ్బవల్ల చాలాకాలం మనుషుల్నే గుర్తుపట్టలేదు.

నాగలత అతనికి పుండ్లు పడనివ్వలేదు. ఒళ్ళు తుడవడం, పక్కకి తిప్పడం, ముక్కు గొట్టంలోంచి జావ పోయడం, అన్నీ తనే చేసింది. అలాంటి పెళ్ళాం దొరకడం వాడి అదృష్టమని ఊరంతా అన్నది. అయితే ఈ రెండేళ్ళలో ఆమె అతనితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అది కనిపెట్టింది అత్తగారు భారతమ్మ ఒక్కతే.

"వానితోని నాలుగు ముచ్చట్లు చెప్పరాదే," అంది ఓసారి.

"ఏం చెప్పాలె అత్తయ్యా?"

ముసలామె మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

చిన్మయి ఫోటోని నాగలత ఎడమ గోడకి, మంచమంత ఎత్తులో తగిలించింది. అతన్ని ఎప్పుడు పక్కకి తిప్పినా ఎడమవైపే ఎక్కువసేపు ఉంచేది. బండి బాగై వచ్చినప్పుడు దాన్ని అమ్మిపారేయమని చుట్టాలందరూ అన్నారు. ఆమె వద్దంది. అన్న బండి తను నడుపుకుంటానని జయప్రకాశ్ అంటే సరేనంది. వదిన మనసు పెద్దదని అతను నలుగురిలో చెప్పుకున్నాడు.

గొట్టం బిగించిన రోజు జయప్రకాశ్ బండి స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కాడు. కిటికీ ఊచలు అదిరాయి. మంచం మీద మురళీకృష్ణ కళ్ళు పెద్దవయ్యాయి. నీళ్ళు జారి చెవుల్లోకి దిగాయి. ఇష్టమైన బండి చప్పుడు విని కొడుకు సంబరపడుతున్నాడనుకుని భారతమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. నాగలత అతని చెంపలు తుడవకుండా కాసేపు చూస్తూ నిలబడింది. గుండెల్లో ఏదో చల్లబడినట్టయింది. ఇన్నాళ్ళకి అతనికి నొప్పి తెలిసిందనుకుంది.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే ఆ చప్పుడు వినిపించింది. తోటకి బయల్దేరే ముందు కాసేపు రేజ్ చెయ్యమని, మీ అన్నకి బాగుంటుందని ఆమే మరిదితో చెప్పేది. అతను సంతోషంగా తొక్కేవాడు. ఒక్కోరోజు చాలునా వదినా అని కింది నుంచి అడిగితే, ఇంకాస్త అనేది.

ఎండలు ముదిరాక ఖమ్మం తీసుకుపోతే అక్కడి డాక్టరు గొంతు గొట్టం తీసేశాడు. చిల్లు పూడుకుంటే మెల్లగా మాట వస్తుందని, ఇంట్లోవాళ్ళు పలకరిస్తూ ఉండాలని చెప్పాడు. నాగలత తలూపింది. ఇంటికొచ్చాక పలకరించలేదు.

ఓ పొద్దున జయప్రకాశ్ కింద బండి రేజ్ చేస్తున్నాడు. ఆమె మంచం మీది దుప్పటి మారుస్తోంది. అంతలో మురళీకృష్ణ పెదాలు కదిలాయి. గొంతులోంచి గాలి, దాని వెనక గరగరమంటూ చిన్న శబ్దం వచ్చాయి. ఏదో చెప్పాలని మొహమంతా బిగుసుకుంది.

క్షమించమంటాడేమో అనిపించింది ఆమెకి. ఆ మాట విననివ్వకుండా రెండేళ్ళ కోపం పొంగుకొచ్చింది. మంచం అంచు పట్టుకుని వంగింది.

"పాపని ఎనక కూసోబెట్టుకుని ఎందుకంత స్పీడుగా నడిపిన్రు? నా బిడ్డని ఎందుకు సంపిన్రు?"

అతను ఆమె కళ్ళలోకి చూస్తూ తల అటూ ఇటూ తిప్పాడు. కింద ఇంజిన్ ఆగింది. చాలునా వదినా అని జయప్రకాశ్ కేకేశాడు. మురళీకృష్ణ ఊపిరి కూడదీసుకున్నాడు.

"నేను... నడపలే."