ఇరవై చెవులు

పది తలలు బిగించిన చెక్క చట్రం గుమ్మంలో ఇరుక్కుపోయింది. సాయంత్రమే నాటకం.

"పురాణంలో పది తలలంటే పది దుర్గుణాలు నాన్నా. ఒక్క తల చాలని మొత్తుకున్నాను," అన్నాడు నాటకం వేయిస్తున్న మా అబ్బాయి.

"దుర్గుణాలేంట్రా? వాడికి నిజంగానే పది తలలు!" అన్నారు వాటిని చెక్కిన మావారు, అవతలి కొస లాగుతూ.

చట్రం ఫెళ్లుమంది.

"గుమ్మంలో పట్టదు, వరండాలో బిగించండని వారం నుంచీ చెబుతున్నా," అన్నాను.

"నువ్వాగవే!" అన్నారు ఆయన. "నువ్వుండమ్మా!" అన్నాడు వీడు. ఆ ఒక్క విషయంలో ఇద్దరికీ పేచీ లేదు.

నాకు ఒళ్లు మండింది.

"ఇరవై చెవులుండీ వాడు పెళ్లాం మాట వినలేదు. సరే, అవి ఉత్తుత్తి చెవులే అనుకుందాం. మీ ఇద్దరికీ ఉన్న నాలుగైనా నిజమైనవేనా?"