అసిరమ్మ హస్తవాసి

కోటబొమ్మాళి ఆటో స్టాండులో ఒక ముసలామె సూరయ్యకు అడ్డం పడింది.

సూరయ్య భుజం మీద పదేళ్ల కూతురు నీలవేణి ముడుచుకుని మూలుగుతోంది.

"గుంటకి ఏటైనాది బావూ?"

"కడుపునొప్పి. బొడ్డు జారిపోనాది. అసిరమ్మ కాడికి తీసుకెల్తన్నాను."

ఆ చుట్టుపక్కల అసిరమ్మను చూడనివాళ్లు ఉన్నారేమో గానీ, ఆమె హస్తవాసి గురించి విననివాళ్లు లేరు. ఆముదం రాసి పొట్ట నొక్కిందంటే, జారిన బొడ్డు చచ్చినట్టు చోటికి రావాల్సిందే. సూరయ్యా ఆమెను చూడలేదు. విన్నాడు, చాలు.

"నొప్పి ఎక్కడమ్మా?" ముసలామె పిల్లనడిగింది.

"నిన్న బొడ్డు కాడ. ఇప్పుడు ఇక్కడ." నీలవేణి కుడివైపు కింద చూపించింది.

"వాంతులైనాయా?"

"రెండుసార్లు."

ముసలామె సూరయ్య చెయ్యి పట్టుకుంది.

"ఇది బొడ్డు కాదు బావూ. లోపల పేగు వాచింది. పొట్ట మీద ఎవుల్నీ సెయ్యి ఎయ్యనీకు. పెద్దాసుపత్రికి తీసుకెల్లు, నీ కాల్లు మొక్కుతాను."

"నువ్వేటి, డాక్టరమ్మవా?"

"అసిరమ్మ సెయ్యి మంచిది కాదు."

సూరయ్యకు ఒళ్లు మండింది.

"ఒకలికి పేరొస్తే ఓర్సుకోలేరు. సెప్పీవోలికి ఇనీవోలు లోకువ!"

చెయ్యి విదిలించుకుని ఆటో ఎక్కాడు. ముసలామె వెనకాలే వస్తూ ఏదో అరిచింది గానీ, ఆటో చప్పుడులో అతనికి వినపడలేదు.

అసిరమ్మ ఇంటి అరుగు మీద ఒకావిడ ఆముదం గిన్నెతో సిద్ధంగా ఉంది. సూరయ్య దండం పెట్టాడు. ఆవిడ పొట్ట నొక్కింది. నీలవేణి పెట్టిన కేకకు సూరయ్య చెవులు మూసుకున్నాడు.

కాసేపటికి పిల్ల కళ్లు తెరిచింది.

"అయ్యా, నొప్పి తగ్గిపోనాది."

సూరయ్య పొంగిపోయాడు. దారిలో జిలేబీ కొన్నాడు. పిల్ల ముట్టలేదు.

"ఆ ముసల్దాని మాటింటే నీ పొట్ట కోసేసీవోలే!" అని నవ్వాడు కూడా.

తెల్లారేసరికి నీలవేణి పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది. ఒళ్లు కాలిపోతోంది.

"ఎవరు నొక్కారు?" ఆసుపత్రిలో డాక్టరు అరిచాడు. "పేగు పగిలాక కాసేపు తగ్గినట్టే ఉంటుందయ్యా. చీము పొట్టంతా పాకింది. నిన్న తెచ్చినా బతికేది."

పదకొండో రోజు సూరయ్య ఒక్కడే వెళ్లి ఆ అరుగు ముందు నిలబడ్డాడు.

"అసిరమ్మా! నా గుంటని సంపేసినావే!"

ఆవిడ రెండు చేతులూ జోడించింది.

"నేను అసిరమ్మని కాను బావూ, ఆవిడ కోడల్ని, రాణిని. కూతురి కూతురు తన సేతిలోనే ఇలాగ పోనాక అత్త ఆముదం ముట్టలేదు."

"ఏదీ, ఆవిడేదీ?"

"తన పేరు ఇని వచ్చీవోల్ని ఆసుపత్రికి మళ్లించడానికి రోజూ కోటబొమ్మాళి ఆటో స్టాండులోనే కూకుంటాది."