అల్లుడుగారి ఇంటర్వ్యూ

అల్లుడుగారి ఫైల్లో ఉన్నది దొంగ సర్టిఫికెట్టు. మందుల కంపెనీ లాబ్‌లో రెండేళ్లు పనిచేసినట్టు అందులో ఉంది. నిజానికి ఆయన లాబ్ ముఖం చూసింది కాలేజీలోనే. కానీ క్వాలిటీ కంట్రోల్ అనలిస్టు కావాలంటే అనుభవం ఉండాలిట. ఏడాదిగా మామగారింట్లో తిని కూర్చోవడం ఇక ఆయన వల్ల కావడం లేదు.

"అడిగినదానికి జవాబు చెప్పండి. ఎదురు ప్రశ్న వేశారో, దొరికిపోతారు" అని భార్య ఒకటికి పదిసార్లు చెప్పి పంపింది.

కంగారులో గంట ముందే వచ్చేశారు. లాబ్ తలుపు తీసే ఉంది. లోపల తెల్లకోటాయన ఒక్కడే బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"సార్, అనలిస్టు ఇంటర్వ్యూకి..."

తెల్లకోటాయన ఉలిక్కిపడ్డాడు. పనిలో అడ్డొస్తే ఎవరికి మాత్రం చిరాకు రాదు! తేరుకుని, ఫైలు లాక్కుని, సర్టిఫికెట్టు చాలాసేపు చూశాడు. 

"అనుభవం ఉందన్నమాట. అయితే చెప్పు. ఈ గదిలో చూడ్డానికి చిన్నదైనా బాగా ఖరీదైన పరికరం ఏది?"

ఇదా ప్రశ్న! అల్లుడుగారికి ప్రాణం లేచొచ్చింది. బట్టీపట్టిన పుస్తకంలో బొమ్మతో సహా ఉంది. "ఆ బల్ల మూలనున్న త్రాసు సార్. చక్కెర పలుకును కూడా తూచేస్తుంది. ఆ తర్వాత ఈ మైక్రోస్కోపు."

"దెబ్బతినకుండా ఎలా తీసుకెళ్లాలి?"

"పళ్లెం తీసి విడిగా పెట్టాలి సార్. ఒరగనివ్వకుండా రెండు చేతులా పట్టుకోవాలి."

"మాటలెందుకు, చేసి చూపించు. ఎలాగూ ఇవాళ రెండూ సరిచూడ్డానికి బయటికి పంపాలి. కింద వ్యాన్ ఉంది."

అల్లుడుగారు రెంటినీ పసిబిడ్డల్లా మోసుకెళ్లి, వ్యాన్‌లో మెత్తటి గుడ్డ పరిచి మరీ పెట్టారు. తెల్లకోటాయన ఎంత ముచ్చటపడ్డాడంటే, తన కోటు విప్పి ఆయనకే తొడిగేశాడు.

"ఉద్యోగం నీదే. పైకెళ్లి కూర్చో. వీటిని నేను దగ్గరుండి అప్పజెప్పి వస్తా."

కొత్త అనలిస్టు భార్యకు ఫోన్ చేశారు. మామగారికి మాత్రం గట్టిగా వినపడేలా చెప్పమన్నారు. సంతోషం పట్టలేక గాజు గొట్టాలన్నీ తుడిచి వరసగా సర్దారు.

ఇంతలో ఒక పెద్దావిడ తాళాలగుత్తితో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. ఖాళీ బల్లని చూసింది, ఆయన్ని చూసింది.

"నమస్కారం మేడం! కొత్త అనలిస్టుని. త్రాసు, మైక్రోస్కోపు సరిచూపించడానికి హెడ్‌గారు ఇప్పుడే తీసుకెళ్లారు."

"లాబ్ హెడ్‌ని నేనే బాబూ. ఇంతకీ నిన్ను పనిలో పెట్టుకున్నదెవరు?"