షీటులో వచ్చిన పిల్ల

"పద్దెనిమిది నిండని పిల్లని నా కంప్యూటర్ ప్రోగ్రాం తీసుకోదమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి?"

"మరి నకరికల్లు పిల్ల పదో తరగతంటనే! రేపు పెళ్ళిచూపులకి మగపెళ్ళివాళ్ళని మనమేగా పంపిస్తంది?" అంది తల్లి ధనమ్మ.

ఇంట్లోనే నడిపే సంబంధాల బ్యూరోకి ఆ ప్రోగ్రాం రాసింది నీరజే. వయసు గడిలో పదిహేను కొట్టి చూపించింది. ప్రోగ్రాం ఎర్ర అక్షరాలతో తిరగ్గొట్టింది.

"బానే ఉంది. పెళ్ళిళ్ళ పేరయ్యలు పంపే పిల్లల వివరాల షీట్లు మీ నాన్న మొత్తం ఒకేసారి ఎక్కిస్తాడుగా, అయ్యీ ఇట్టాగే తిరగ్గొడద్దా?"

నీరజ ప్రోగ్రాంలో షీట్లు ఎక్కించే భాగం తెరిచి చూసింది. షీట్లు త్వరగా ఎక్కాలని అక్కడ వయసు తనిఖీ ఆపేసింది తనే. తన ప్రోగ్రాం చిన్నపిల్లల్ని రానివ్వదని ఊరంతా గొప్పగా చెప్పుకుందీ తనే.

అన్నం దగ్గర అందరూ కూర్చున్నాక, తలెత్తకుండానే చెప్పింది.

"నాన్నా, రేపు పెళ్ళిచూపులు లేవు. తప్పు నాదని రెండిళ్ళకీ నేనే వెళ్ళి చెబుతా. షీట్లలో వచ్చిన పిల్లలందరి వయసులూ చూసిందాకా బ్యూరో తెరవం."